జాకోసా గారి సర్దుబాటు

మా వారు పాత ఇటలీ కార్ల పుస్తకం కొన్నప్పుడల్లా సణుగుతాను. ఒక్కోటి నెల సరుకుల ఖరీదు మరి! మొన్న దుమ్ము దులుపుతూ ఒకటి తెరిచి, పొయ్యి మీద పప్పు మాడ్చాను. నన్ను కూర్చోబెట్టింది ఎర్ర ఫెరారీలు కాదు, 1955లో వచ్చిన ఫియట్ 600. డాంటే జాకోసా అనే ఇంజనీరు దాని 633 సీసీ ఇంజన్ని వెనక పెట్టాడు. ముందు నుంచి వెనక చక్రాలకు పోయే కడ్డీ అక్కర్లేకపోయింది. ఇంత చిన్న కార్లో నలుగురికి చోటు దొరికింది. ఇరుకు వంటింట్లో గ్రైండర్ ఎక్కడ పెట్టాలా అని మనం పడే తంటా ఇదే కదండీ! మరుసటి ఏడాది అదే ఇంజన్‌తో మల్టిప్లాలో ఆరుగురిని కూర్చోబెట్టాడు.

నా ఫిర్యాదల్లా ఆ పుస్తకం రాసినవాళ్ల మీద. రేసు కార్లకు రంగుల పేజీలు బోలెడు, సంసారాలు మోసిన వీటికి పేజీన్నర. వెనక సీట్లో పిల్లల్ని వేసుకుని ఇటలీ ఆడవాళ్లు ఎలా సర్దుకున్నారో ఒక్క ముక్క లేదు.

"ఇవి నాన్న పుస్తకాలు" అని ఒకప్పుడు మా అమ్మాయి చేతిలోంచి లాక్కున్నదీ నేనే. ఇప్పుడు దానికి అందేలా కింది అరలో పెట్టాను. జాకోసా స్వయంగా రాసుకున్న పుస్తకం కూడా ఉంది, తెప్పించండి అంటే మా వారు నోరు తెరిచి చూశారు.