మునివేళ్ల నడకకు ‘సెన్సరీ’ ముద్ర

కొందరు పిల్లల చెప్పులు తిరగేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. వేళ్ల కింద అట్ట అరిగి నున్నబడి ఉంటుంది, మడమ కింద గీతలు మాత్రం కొన్ననాటిలాగే ఉంటాయి. నడక నేర్చిన కొత్తలో మునివేళ్ల మీద నడవడం చాలామంది పిల్లలు చేసేదే. మూడేళ్లు దాటినా మడమ ఆనకపోతేనే ఇంట్లో గుబులు మొదలవుతుంది. ‘అలవాటు, అదే పోతుంది’ అనేవారు, ‘మడమ నరం పొట్టిది’ అనేవారు ఎప్పుడూ ఉన్నారు. వాటికి తోడు ఇప్పుడు ‘సెన్సరీ ప్రాబ్లం’ అనే మాట వచ్చింది. అరికాలికి స్పర్శ అందడం లేదనో, మరీ ఎక్కువగా అందుతోందనో చెప్పి వారానికి ఇన్ని థెరపీ సిట్టింగులని రాసిస్తారు. ఆ మాటే తప్పని నేననను. పరీక్ష చేయకుండా వాడటం మీదే నా అభ్యంతరం.

ఎందుకంటే ‘సెన్సరీ’ అని ఒక్క మాటలో కట్టేస్తున్నవి కనీసం మూడు. నేల గరుకో నునుపో చర్మానికి తెలియడం ఒకటి. కంపనాన్ని పసిగట్టడం రెండోది. కళ్లు మూసుకున్నా చీలమండ ఎటు వంగి ఉందో తెలియడం మూడోది. ఈ మూడోదాన్ని కలుపుకొని, ఒంటి కదలికల ఎరుకకు శరీరధర్మ శాస్త్రవేత్త షెరింగ్టన్ 1906లో ‘ప్రొప్రియోసెప్షన్’ అని పేరు పెట్టాడు. ఈ కబురు కీలు నుంచి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1972లో గుడ్విన్, మెక్‌క్లాస్కీ, మాథ్యూస్ అనే పరిశోధకులు ఆ లెక్క మార్చారు. స్నాయువు మీద వైబ్రేటర్ పెడితే, కళ్లు మూసుకున్న మనిషికి కదలని చెయ్యి కూడా కదిలినట్టే అనిపించింది. అంటే కీలు ఎక్కడుందో చెప్పడంలో పెద్ద వాటా కండరంలోని సూక్ష్మ గ్రాహకాలదే. కంపనం, కీలు స్థితి రెండూ వెన్నుపాములో ఒకే దారిన మెదడుకు పోతాయి గానీ బయలుదేరే చోట్లు వేరు. ఒకటి తేడాగా ఉందని రెండోదీ తేడాయే అనడానికి వీల్లేదు.

ఉన్న ఆధారం ఏమంటోంది? ఆస్ట్రేలియాలో సిలీ విలియమ్స్ బృందం 2012లో, వేరే జబ్బేమీ లేకుండా మునివేళ్ల మీద నడిచే పిల్లల్ని మామూలుగా నడిచేవారితో పోల్చింది. మునివేళ్ల పిల్లలు మరింత సన్నని కంపనాన్ని కూడా కనిపెట్టగలిగారు. ‘పాదం మొద్దుబారింది, అందుకే బ్రష్‌తో రుద్దాలి’ అనేవారి వాదనకు ఇది సరిగ్గా ఎదురు. అలాగని ‘పాదం మరీ సున్నితం, అందుకే మడమ ఎత్తేస్తున్నాడు’ అని తేల్చేయడమూ తొందరే. ఏళ్ల తరబడి బరువంతా పాదం ముందుభాగం మీదే పడితే, పిక్క కండరం ఎప్పుడూ పొట్టిగానే పనిచేస్తే, అవి పంపే కబురు మారిపోవచ్చు కదా. తేడా వల్ల నడక వచ్చిందా, నడక వల్ల తేడా వచ్చిందా అన్నది ఒక్క పూట కొలతతో తేలదు.

థెరపీ చేయిస్తే పోయేదేముంది, చాలామందికి నయమవుతోంది కదా అనవచ్చు. నయమవుతున్న మాట నిజం. స్వీడన్‌లో 1,436 మంది ఐదున్నరేళ్ల పిల్లల్ని చూస్తే దాదాపు 5 శాతం మంది ఏదో ఒక దశలో అలా నడిచినవారే. వారిలో సగానికి పైగా అప్పటికే మానేశారు. వేరే కారణమేదీ కనిపించని పిల్లల్లో 79 శాతం మంది పదేళ్లు వచ్చేసరికి తమంతట తామే మానేశారు. ఆ ఏళ్లలో ఏ చికిత్స చేయించినా పేరు దానికే వస్తుంది. అందుకే నికరమైన పోలికలు కావాలి, అవి తక్కువ. 2019 కాక్రేన్ సమీక్ష ఏ చికిత్సకూ గట్టి ఆధారం చూపలేకపోయింది. పిండికట్టుకు బొటాక్స్ ఇంజెక్షన్ జోడించినా అదనంగా ఒరిగిందేమీ లేదని 2013లో స్వీడన్ పరీక్షే తేల్చింది.

అదే తగ్గిపోయేదైతే పరీక్ష మాత్రం ఎందుకు? తగ్గనివారి కోసం. నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఊని ఎగబాకే మగపిల్లాడికి డ్యుషెన్ కండర క్షీణత ఉందేమో చూడాలి. దానికి సీకే అనే రక్తపరీక్ష తొలిమెట్టు. ఒక్క కాలే ఎత్తి నడవడం, బాగా నడుస్తున్న పిల్ల కొత్తగా మడమలెత్తడం, మూత్రం మీద అదుపు తప్పడం నరాల వైపు, వెన్నువైపు వేలు చూపిస్తాయి. అసలు మెలిక ఇక్కడే ఉంది. పాదంలో స్పర్శో, కీలు ఎరుకో నిజంగా తగ్గి ఉంటే అది కారణం తెలియని మునివేళ్ల నడక కానే కాదు. చార్కో-మరీ-టూత్ లాంటి వంశపారంపర్య నరాల జబ్బు కావచ్చు. ఆ బిడ్డను పంపాల్సింది బ్రష్‌తో అరికాలు రుద్దే గదికి కాదు, న్యూరాలజిస్టు దగ్గరకు. ‘సెన్సరీ’ అన్న ముద్ర అక్కడ ఓదార్పుగా మొదలై ఆలస్యంగా మారుతుంది.

చిన్నపిల్లలు సరిగా చెప్పలేరన్నది న్యాయమైన అభ్యంతరమే. మూడేళ్లవాడి జవాబును నమ్మలేం. ఐదారేళ్ల పిల్లలకు మాత్రం ఈ పరీక్ష ఒక ఆట. కాలి బొటనవేలిని రెండు పక్కలా పట్టుకోవాలి. పైనా కిందా పట్టుకుంటే వేలి నొక్కుడే జవాబు చెప్పేస్తుంది. ముందు కళ్లు తెరిచి ఉండగా ‘ఇది పైకి, ఇది కిందికి’ అని చూపించి, తర్వాత కళ్లు మూయించి అడగాలి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి ఒకసారి, మోగించకుండా ఒకసారి వేలి ఎముక మీద ఆనించి తేడా చెప్పమనాలి. మోకాలు చాపి ఉంచి పాదాన్ని పైకి వంచితే ఎంత దూరం వస్తుందో కొలిచి, తేదీ వేసి రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత ఆ అంకె తగ్గితే పిక్క బిగుస్తోందని అర్థం. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పిల్లల్ని చూడాలి. అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి ఉచితంగానే పంపాలి. ఈ పరీక్షలు అడగడం తల్లిదండ్రుల హక్కు. ప్రైవేటుగా చూపించుకున్నా ఇబ్బంది లేదు. సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు మాత్రం రెండు ప్రశ్నలు వేయండి: మా బిడ్డ పాదానికి ఏ పరీక్ష చేశారు, అందులో ఏం తేలింది? జవాబు కాగితం మీద రాసివ్వమనండి.