రెవిట్ వచ్చు సరే, కాంట్రాక్టు చదవడం వచ్చా?

నెల్లిమర్ల నియోజకవర్గంలోనే ఉన్న భోగాపురంలో 2023 మేలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. రన్‌వే పొడవే 3,800 మీటర్లు. ఇంత పెద్ద పని ఊరి పక్కనే వస్తే సివిల్ చదివిన మీకు ఆశ పుట్టడం సహజం. వెంటనే ఫీజు కట్టి ‘బిమ్’ కోర్సులో చేరిపోతారు. నేర్చుకోండి, తప్పు లేదు. కానీ అది సగం పనే అంటాను.

బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్‌లో గోడ అంటే రెండు గీతలు కాదు. దాని మందం, మెటీరియల్, ధర అన్నీ మోడల్‌లోనే ఉంటాయి. ఏసీ డక్టు వెళ్లి దూలానికి తగులుతుంటే, స్లాబు పోయకముందే తెరమీద దొరికిపోతుంది. నాగపూర్ మెట్రో అయితే దీనికి కాలాన్నీ ఖర్చునూ కలిపి 5డి బిమ్ వాడింది.

మరి ఆ డక్టు తప్పు మీరే పట్టుకున్నారనుకోండి. దాన్ని సరిదిద్దే ఖర్చు ఎవరిది? స్ట్రక్చర్ వాళ్లు మాది కాదంటారు, ఏసీ వాళ్లూ అదే మాట. కాంట్రాక్టు తీసి చూస్తే ‘సంతకం చేసిన డ్రాయింగులే చెల్లుతాయి’ అని ఉంటుంది. మోడల్ ఊసే లేదు! మీ మూడు నెలల కష్టం మీటింగులో చూపించే బొమ్మగా మిగిలిపోతుంది.

బ్రిటన్‌లో కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ కౌన్సిల్ 2013లోనే దీనికో దారి చూపింది. కాంట్రాక్టుకు కొన్ని పేజీల బిమ్ ప్రోటోకాల్ జత చేస్తారు. ఏ దశలో ఏ మోడల్ ఎవరివ్వాలి, ఎంత వివరంగా ఉండాలి, ఇతరులు దాన్ని దేనికి వాడుకోవచ్చు అన్నది అందులో రాసుకుంటారు. 2017లో వచ్చిన ఎన్‌ఈసీ4 కాంట్రాక్టులో ఎక్స్10 అనే క్లాజే ఉంది. మోడల్, డ్రాయింగు వేర్వేరుగా ఉంటే ఏది చెల్లుతుందో కూడా ముందే తేల్చుకోవాలి. తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి మరి.

మన ప్రభుత్వ టెండర్లూ ఇలా మారాలి. మోడల్ తయారీకి వేరే ఐటమ్‌గా రేటు పెట్టాలి. ఉచితంగా అడిగితే ఉచితం లాంటి పనే వస్తుంది.

మీరు మాత్రం అప్పటిదాకా ఆగక్కర్లేదు. కేంద్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఏదైనా పెద్ద భవనం టెండరు డౌన్‌లోడ్ చేసుకోండి. అందులో ‘మోడల్’ అన్న మాట వెతకండి. దొరికితే దాని పక్కన బాధ్యత ఎవరిదని రాశారో చదవండి. దొరక్కపోతే, అలాంటి పనికి మిమ్మల్ని బిమ్ ఇంజనీరుగా పిలిచినప్పుడు, మోడల్‌కి డబ్బెవరిస్తున్నారో ఇంటర్వ్యూలోనే అడిగేయండి.