హుస్సేన్‌సాగర్ పాచికి మందేది?

హైదరాబాద్: నాంపల్లి స్టేషనులో దిగి, ఆబిడ్స్‌లో పనులు ముగించుకొని హుస్సేన్‌సాగర్ చూడబోయే పల్లెవాసులకు వేసవిలో ముందుగా ఎదురయ్యేది దుర్వాసనే. 1562లో కట్టించిన, ఒకనాడు నగరానికి మంచినీరిచ్చిన ఆ చెరువుకు నేడు పాచి బెడద తప్పడం లేదు.

పాచి పెరగాలంటే ఎండా కావాలి, ఎరువూ కావాలి. మేడ మీది ట్యాంకుకు మూత బిగిస్తే ఎండ తగలదు, పాచి పట్టదు. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో 2015లో ఒక జలాశయాన్ని 9.6 కోట్ల నల్లని ప్లాస్టిక్ బంతులతో కప్పారు. పడవలు తిరిగే సాగర్‌కు అటువంటి కప్పు కుదరదు. అక్కడ ఆపవలసింది ఎరువునే. కూకట్‌పల్లి నాలా వెంట వచ్చిన మురుగులోని నత్రజని, భాస్వరమే పాచికి మేత అయ్యాయి.

పల్లెల్లోనూ ఇదే లెక్క. మంచినీటి ట్యాంకుకు మూత ఉండాలి. చెరువులోకి మురుగు, పేడనీరు చేరరాదు. బాగా పాచి పట్టిన చేపల చెరువును మాత్రం ఒక్కసారిగా కప్పరాదు. చచ్చిన పాచి కుళ్లి, నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. వేసవి ముదరక ముందే పంచాయతీలు ట్యాంకుల మూతలు సరిచూడడం అవసరం.