పరీక్ష ఖర్చు ఎవరిది?

హత్య జరిగితే పోస్టుమార్టం డబ్బులు కట్టమని చనిపోయినవాడి భార్యనో తల్లినో ఎవరూ అడగరు. కేసు ప్రభుత్వానిది, శవం సాక్ష్యం, కాబట్టి ఖర్చూ ప్రభుత్వానిదే. మరి బతికున్న స్త్రీ ఒంటి మీంచి సాక్ష్యం తీసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ‘ఉచితంగా చేస్తున్నాం’ అంటారెందుకు? ఎవరు ఎవరికి చేస్తున్న ఉపకారం ఇది?

చట్టం చూడండి. 2013 సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357సి సెక్షన్ వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటయినా అత్యాచార బాధితురాలికి వెంటనే, డబ్బు తీసుకోకుండా వైద్యం చెయ్యాలి. కాదంటే ఆస్పత్రి నడిపేవారికి ఏడాది దాకా జైలు. 2024 జూలై 1 నుంచి ఇదే నాగరిక్ సురక్షా సంహితలో 397, న్యాయ సంహితలో 200. బాగానే ఉంది. కానీ సాక్ష్యం కోసం చేసే పరీక్ష వేరే సెక్షన్‌లో ఉంది: పాత 164ఎ, ఇప్పటి 184. ఇరవై నాలుగు గంటల్లో డాక్టరు దగ్గరికి పంపాలి, ఆమె అంగీకారం ఉండాలి, రిపోర్టులో ఏమేం రాయాలి, అన్నీ వివరంగా చెప్పారు. ఖర్చు ఎవరిదన్న ముక్క లేదు. వైద్యం పక్కన ‘ఉచితం’ అని రాసిన చేతికి పరీక్ష పక్కన రాయాలని తోచలేదు.

(ఆ పరీక్షలో ఏం చేస్తారన్నది ఇంకో దుఃఖం. రెండు వేళ్ళ పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2022లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.)

ప్రభుత్వాస్పత్రిలో ఎలాగూ డబ్బులడగరు కదా, గొడవేంటి అనేవాళ్ళుంటారు. నగరం మండలంలో ఓ కూలి మనిషికి ఈ ఘోరం జరిగిందనుకుందాం. ముందు పోలీసు స్టేషను, తర్వాత రేపల్లె. అక్కడ లేడీ డాక్టరు లేకపోతే తెనాలి, అక్కడా కాదంటే గుంటూరు. ఆటో, బస్సు ఛార్జీలు. తోడొచ్చిన అక్కకి పోయిన కూలి డబ్బులు. మందులు బయట, స్కానింగు బయట. ఒంటి మీది బట్టలు సాక్ష్యమని తీసుకుంటే ఇంటికెళ్ళడానికి ఇంకో జత. ఇవన్నీ ఏ పద్దులో రాస్తారు?

ఊహ అంటారేమో. 2022 మే 1న రేపల్లె రైల్వే స్టేషన్లో జరిగింది ఊహ కాదు. పని కోసం కుటుంబంతో బయల్దేరి, రాత్రిపూట ప్లాట్‌ఫాం మీద పడుకున్న గర్భిణీ వలస కూలీ మీద సామూహిక అత్యాచారం చేశారు. ముందు రేపల్లె ఆస్పత్రి, తర్వాత ఒంగోలు రిమ్స్. పేపర్లకెక్కింది కాబట్టి మంత్రులు పరామర్శకి వెళ్ళారు. పేపర్లకెక్కని ఆమె దారి ఖర్చు అప్పు చేసి పెట్టుకుంటుంది, లేదా అసలు ఫిర్యాదే ఇవ్వదు.

అమెరికాలో, అలాస్కాలోని వసిల్లా పట్నంలో ఈ బిల్లు బాధితురాలి ఇన్సూరెన్సుకి పంపేవాళ్ళు. 2000లో ఆ రాష్ట్రం చట్టం చేసి ఆపితే, పట్నం బడ్జెట్‌కి భారమని అక్కడి పోలీసు అధికారి అభ్యంతరం చెప్పాడు. వాళ్ళు కనీసం బిల్లు రాసిచ్చారు. మనం రాయకుండానే వసూలు చేస్తున్నాం.

నష్టపరిహారం ఉంది కదా అనొద్దు. అది జరిగిన గాయానికి. దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకునేది. పరీక్ష ఖర్చు గాయానికి సంబంధించింది కాదు, కేసు నడిపే ఖర్చు. 184లో ఒక్క వాక్యం చేర్చాలి: పరీక్ష, ప్రయాణం, తోడు మనిషి కూలి, బట్టలు, రిపోర్టు కాపీ, అన్నీ ప్రాసిక్యూషన్ ఖర్చే, ఆ రోజే చెల్లించాలి. ముద్దాయి దగ్గర రాబట్టుకుంటారో లేదో అది ప్రభుత్వం చూసుకోవాల్సిన సంగతి.