కొంగల ఇల్లు – సరళవృక్షం



క్రిస్మస్ దగ్గరపడితే మన ఉద్దానం పల్లెల్లో యౌవనస్థులు సరుగుడు కొమ్మ తెచ్చి ఆలయంలో నిలబెట్టి నక్షత్రాలు కడతారు. చూడముచ్చటగానే ఉంటుంది. పడమటి దేశాల్లో ఆ స్థానంలో తరచుగా నిలిచేది ఫర్ చెట్టు. మన బైబిలులో సరళవృక్షమని చదివేచోట ఇంగ్లీషు పాత అనువాదంలో ఉన్నది ఆ పేరే. హెబ్రీ మాట బెరోష్. అది ఫరా, సైప్రసా, జునిపరా అని పండితులు ఇంకా తర్కించుకుంటున్నారు. మనవారు లెబానోను చెట్లకు హిమాలయాల చెట్ల పేర్లు పెట్టారు. దేవదారు, సరళం రెండూ అక్కడివే. మంచి పనే చేశారని మా అభిప్రాయం, కొండచెట్టన్న సంగతి చెదరలేదు.

లెబానోనులో నేటికీ దేవదారుల పక్కన పెరిగే ఫర్‌కు కిలికియ ఫర్ అని పేరు. అపొస్తలుడైన పౌలు పుట్టిన తార్సు ఉన్న కిలికియయే అది. సుమారు 1,000 నుండి 2,000 మీటర్ల ఎత్తున, చలికాలం మంచు పడే వాలుల్లో ఉంటుంది. మందస వైపు కనబడే మన మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఎత్తు సరిపోయినా అక్కడ మంచు పడదు. ఫర్ చెట్టు గోపురంలా మొన తేలి ఉంటుంది గనుక మంచు జారిపోతుంది. జానెడు కాయలు కొమ్మమీద నిటారుగా నిలిచి, కిందపడకుండా అక్కడే రేకులు విడిపోయి విత్తనాలు గాలికి వదులుతాయి. దక్షిణాన ఈ చెట్టుకు చివరి హద్దు లెబానోనులోని ఎహ్దెన్ అడవి. దాన్ని 1992లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

సొలొమోను మందిరపు నేలకు సరళపు పలకలు పరచినట్టు 1 రాజులు 6లో చదువుతాం. హీరాము ఆ మ్రానులను తెప్పలుగా కట్టించి సముద్రంమీద పంపాడు. తెప్ప సంగతి భావనపాడు జాలరులకు మనం చెప్పనక్కరలేదు.

కాని 104వ కీర్తన 17వ వచనం కలప ఊసే ఎత్తదు. సరళవృక్షాన్ని కొంగలకు ఇల్లుగా చూపిస్తుంది. నౌపడకు చేరువలోని తేలినీలాపురంలో సరళాలు లేవు, చింతచెట్లున్నాయి. సెప్టెంబరు మొదలు మార్చి వరకు గూడబాతులు, రంగుల కొంగలు వాటిమీద గూళ్లు కడతాయి. ఊరివారు వాటిని శుభంగా ఎంచి కాపాడుతున్నారు. వారిలో ఎక్కువమంది కీర్తనలు చదివినవారు కారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరిని, జీడిని ఎలా కూల్చిందో చూశాం. పడిన చెట్టు స్థానంలో మరొకటి ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతుకు తెలుసు. గనుక ఆలయానికి ప్రహరీ కట్టాలని చింతచెట్టుకు గొడ్డలి పెట్టేముందు సంఘపెద్దలు పైకి చూసి, గూళ్లున్నాయేమో లెక్కపెట్టాలి. గోడను రెండు గజాలు పక్కకు జరపవచ్చు.

ఈ చలికాలం పిల్లలను తేలినీలాపురం తీసుకెళ్లండి. గూళ్ల కింద మాత్రం కేకలు వేయనీయకండి.