మతం మాటున చమురు

ఇస్లాంకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య ఉన్నది మతవైరమే అంటారు. డిగ్రీలో చరిత్ర చదివేదాకా నేనూ అలాగే నమ్మాను.

1951లో ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్ బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేశారు. ఆయన మతగురువు కాదు, పార్లమెంటును నమ్మిన నాయకుడు. అయినా 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కుట్రపన్ని ఆయన్ని కూలదోశాయి. రాజు షా పెత్తనం పెరిగింది. ప్రజల్లో రగిలిన కోపాన్ని 1979లో మతపెద్దలు తమ గద్దెకు మెట్టుగా చేసుకున్నారు. మరోవైపు, మతచట్టంతో పాలించే సౌదీ రాజులతో అమెరికాకు స్నేహమే! గొడవంతా మతానిదే అయితే ఈ స్నేహమెలా కుదిరింది?

ఎక్కడో యుద్ధం జరిగితే, మనతోపాటు కంచం పట్టుకుని వరుసలో నిలబడే ముస్లిం మిత్రుణ్ణి అనుమానంగా చూడకండి. ఆ యుద్ధం వల్ల లాభమెవరికని అడగండి. మన చదువు అందుకే.