ఒంటరి బాటసారి

క్రీస్తుశకం ఏడవ శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధభిక్షువు ఎడారులను, మంచు కొండలను దాటి భారతదేశానికి వచ్చాడు. ఆంధ్రదేశంలోని ధాన్యకటకంలో కూడా ఆయన కొంతకాలం నివసించాడు. ఆయన తన గ్రంథంలో రాజులను గురించి, ఆరామాలను గురించి మాత్రమే రాసి ఊరుకోలేదు. ఈ దేశ ప్రజలు భోజనానికి ముందు శుభ్రపరచుకొంటారని, ఒకరు తినగా మిగిలినది మరొకరికి వడ్డించరని, మట్టిపాత్రను ఒకసారి వాడిన తరువాత పారవేస్తారని కూడా రాశాడు. ఈ విషయాలు ఆనాటి సామాన్య భారతీయులకు వింతగా తోచి ఉండవు. అందరూ చేసే పనిని ఎవరు వింతగా చూస్తారు? వేల మైళ్ళ దూరం నుండి వచ్చిన ఒక పరదేశి మాత్రం ఎంగిలి అనే భావనను విశేషంగా గమనించి రాసుకొన్నాడు.

ప్రతి జాతికీ తన నిత్యజీవితం తనకు కనిపించదు. చేప తాను ఈదే నీటిని గమనించనట్లే మనిషి తన ఇంటి గడపను, కంచాన్ని, పలకరింపును గమనించడు. గమనించే కన్ను బయటినుండి రావాలి. అందుకే దేశాటనాన్ని పెద్దలు విద్యలో భాగంగా భావించారు. అయితే ఏ విధంగా పర్యటించినా ఆ విద్య లభిస్తుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

నేడు విదేశీ పర్యటన సులభమైపోయింది. నలభై మందిని ఒక బస్సులో ఎక్కించి, పది రోజుల్లో ఐదు నగరాలు చూపించి, పూటపూటకూ స్వదేశపు భోజనమే పెట్టించి క్షేమంగా ఇంటికి చేర్చే సంస్థలు ఎన్నో ఉన్నాయి. వృద్ధులకు, పసిపిల్లలు గలవారికి ఇది ఎంతో సౌకర్యం. కాని అటువంటి పర్యటనలో యాత్రికుడు తన ఊరిని తనతోనే మోసుకొని వెళతాడు. భాష మారదు, రుచి మారదు, పక్కన కూర్చున్న మనిషి మారడు. వీపున ఒక సంచితో, ఒంటరిగా, కాలినడకన వెళ్ళే బాటసారికి ఈ రక్షణ ఉండదు. దాహం వేసినా, దారి తప్పినా అతడు ఒక అపరిచితుని తలుపు తట్టక తప్పదు. ఆ అవసరమే అతనికి మొదటి గురువు.

జపాన్‌లోని షికోకు ద్వీపం ఇందుకు చక్కని ఉదాహరణ. కోబో దైషి అని జపాన్ ప్రజలు భక్తితో పిలుచుకొనే కూకై అనే బౌద్ధాచార్యుడు క్రీ.శ. 774లో ఈ ద్వీపంలోనే జన్మించాడు. ఆయన పేరుతో ముడిపడిన 88 ఆలయాలను కలుపుతూ సుమారు 1200 కిలోమీటర్ల యాత్రామార్గం ద్వీపాన్ని చుట్టివస్తుంది. కాలినడకన పూర్తిచేయడానికి ఆరు వారాలకు పైగానే పడుతుంది. తెల్లని వస్త్రం, వెదురు టోపీ, చేతికర్ర ఇక్కడి యాత్రికుల గుర్తులు. ఆ తెలుపు పూర్వం దారిలో మరణానికి సిద్ధపడి బయలుదేరిన వారి తెలుపు. చేతికర్రను సాక్షాత్తు కోబో దైషిగా భావిస్తారు. అందువల్ల ఒంటరిగా నడిచే యాత్రికుడు కూడా ఒంటరి కాడని, ఇద్దరు కలిసి నడుస్తున్నారని వారి విశ్వాసం. ఆ మాట వారి వస్త్రాలపైన, టోపీలపైన రాసి ఉంటుంది. రాత్రి బసకు చేరిన తరువాత తన కాళ్ళకంటే ముందు ఆ కర్ర మొనను కడగడం అక్కడి ఆచారం.

తెలుగువారికి ఈ మార్గం పూర్తిగా పరాయిది కాదు. కూకై స్థాపించిన షింగోన్ శాఖ గురుపరంపరలో నాగార్జునాచార్యుని పేరు ఉన్నది. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టిన పేరే అది. ఇక్కడి నుండి వెళ్ళిన ఒక యువకుడు షికోకు కొండదారిలో నడుస్తున్నాడని అనుకొందాం. అతడు తెలిసో తెలియకో ఒక పాత చుట్టరికాన్ని వెదుక్కొంటూ వెళుతున్నాడన్నమాట.

ఆ యువకునికి మొదటి పాఠం బస గడపలోనే ఎదురవుతుంది. ఇంట్లోకి ప్రవేశించేచోట కొంచెం పల్లంగా ఉన్న భాగంలో చెప్పులు విడిచి, పై మెట్టు ఎక్కాలి. ఇది తెలుగింటి అలవాటే కాబట్టి అతడు సంతోషిస్తాడు. కాని విడిచిన చెప్పులను బయటివైపు తిప్పి వరుసగా పెట్టాలని, లోపల నడవడానికి వేరే మెత్తని చెప్పులు ఉంటాయని, చాపలు పరచిన గదిలో వాటిని కూడా విడవాలని, మరుగుదొడ్డికి మళ్ళీ ప్రత్యేకమైన జత ఉంటుందని క్రమంగా తెలుసుకొంటాడు. ఆ మరుగుదొడ్డి చెప్పులతోనే గదిలోకి వచ్చి నవ్వులపాలయ్యే పరదేశులు అనేకులు. ఆ నవ్వు అవమానం కాదు. అది తొలి పలక మీద దిద్దించిన అక్షరం వంటిది.

రెండవ పాఠం స్నానశాలలో. చిన్న బసల్లో వేడినీటి తొట్టి ఒకటే ఉంటుంది. అతిథులందరూ ఆ నీటినే ఒకరి తరువాత ఒకరు ఉపయోగిస్తారు. అందుచేత తొట్టి బయట చిన్న పీట మీద కూర్చొని, ఒళ్ళు రుద్దుకొని, సబ్బు నురుగు పూర్తిగా పోయేవరకు కడుగుకొన్న తరువాతనే అందులోకి దిగాలి. తొట్టి శుభ్రపడటానికి కాదు, సేదతీరడానికి. స్నానం ముగిసిన తరువాత నీటిని వదిలివేయరాదు. తన వెనుక మరొకరు ఉన్నారన్న స్పృహ ఈ ఆచారానికి మూలం.

మూడవ పాఠం భోజనం దగ్గర. తినడానికి ముందు చేతులు జోడించి ‘ఇతదాకిమాసు’ అంటారు. వినయంతో స్వీకరిస్తున్నానని ఆ మాటకు అర్థం. అన్నాన్ని కళ్ళకద్దుకొని తినే తాతలను చూచిన తెలుగు యువకునికి ఆ మాట వివరించనక్కరలేదు. తినే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చరాదు. మరణించినవారికి అన్నం సమర్పించేటప్పుడు మాత్రమే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లలతో పట్టుకొన్న పదార్థాన్ని మరొకరు తమ పుల్లలతో అందుకోరాదు. దహనం తరువాత అస్థికలను బంధువులు అందుకొనే పద్ధతి అది. పిండప్రదానం, అస్థిసంచయనం ఎరిగిన సమాజం నుండి వచ్చినవాడు ఈ నిషేధాలలోని గాంభీర్యాన్ని వెంటనే గ్రహిస్తాడు. అదే ఇంట్లో నూడుల్స్‌ను పెద్ద శబ్దంతో జుర్రుకొంటే ఎవరూ తప్పుపట్టరు. ఒకచోట మర్యాద అయినది మరొకచోట మోటు కావచ్చు. వాటి వెనుక ఉన్న కారణాన్ని అడిగి తెలుసుకొనేంతవరకు తీర్పు చెప్పకపోవడమే వివేకం.

దారిలో పొలాల పక్కన మనుషులు లేని చిన్న అంగళ్ళు కనిపిస్తాయి. ఒక బల్లపై నారింజలు, కూరగాయలు ఉంటాయి. పక్కన ఒక డబ్బా ఉంటుంది. కావలసినది తీసుకొని, రాసి ఉన్న వెల డబ్బాలో వేసి వెళ్ళాలి. అన్నిటికంటే మిన్నగా ఆ ద్వీపంలో ‘ఒసెత్తై’ అనే ఆచారం ఉన్నది. యాత్రికునికి ఊరివారు పండ్లు, తేనీరు, ఒక్కొక్కసారి డబ్బు కూడా ఇస్తారు. కొందరు రాత్రి బస కల్పిస్తారు. యాత్రికునికి ఇచ్చినది కోబో దైషికి సమర్పించినట్లేనని వారి నమ్మకం. కాబట్టి దానిని కాదనరాదు. పుచ్చుకొన్నవాడు తన పేరు, ఊరు, ప్రార్థన రాసిన చిన్న కాగితాన్ని కృతజ్ఞతగా ఇస్తాడు.

చదువుకొన్న యువకునికి ఇవ్వడం తెలుసు, కొనడం తెలుసు. ఊరక పుచ్చుకోవడం తెలియదు. తనకంటే పేదగా కనిపించే ఒక ముసలమ్మ రెండు నారింజలను చేతిలో పెట్టినప్పుడు అతడు తప్పక సిగ్గుపడతాడు. డబ్బు ఇవ్వబోతే ఆమె మనసు నొచ్చుకొంటుంది. తలవంచి అందుకోవడం తప్ప మరో మార్గం లేదు. గుంపులో ఉన్నవానికి ఈ పరీక్ష ఎదురుకాదు. ఆ ముసలమ్మ బస్సుకు ఎదురు వెళ్ళి నారింజలు పంచదు కదా!

విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న చిన్న పద్ధతులు. కలిపి చూస్తే వాటిలో ఒకే సూత్రం కనిపిస్తుంది. బయటివైపు తిప్పిపెట్టిన చెప్పులు, తేరుకొన్న స్నానపు నీరు, కాపలా లేని అంగడి, బాటసారికి అందిన పండు, ఇవన్నీ అక్కడ లేని మనిషి కోసం తీసుకొన్న శ్రద్ధ. రాబోయేవాడెవరో తెలియదు. అయినా వాడికి ఇబ్బంది కలగరాదు. నిత్యాచారానికి ఇంతకంటే గొప్ప ప్రయోజనం ఏముంటుంది? ఎండాకాలంలో తెలుగు పల్లెల్లో, పట్టణాల్లో వెలిసే చలివేంద్రం కూడా ఈ కోవకు చెందినదే. ఆ కుండలో నీరు పోసినవారికి తాగేవారి పేరు తెలియదు, కులం తెలియదు. షికోకు నుండి తిరిగివచ్చినవాడు ఆ చలివేంద్రం ముందు మునుపటివలె నిర్లక్ష్యంగా నడిచిపోలేడు. అదే విధంగా రైలుపెట్టెలో వేరుసెనగ తొక్కలు వదిలి దిగిపోవడానికి కూడా అతని మనసు ఒప్పుకోదు.

ఒంటరి ప్రయాణం ప్రమాదకరమని, ముఖ్యంగా స్త్రీలకు తగదని కొందరు అభ్యంతరం చెబుతారు. ఈ భయం నిరాధారమని చెప్పడానికి వీలులేదు. బస ముందుగా ఏర్పరచుకోవడం, ఎక్కడ ఉన్నదీ ఇంటికి తెలియజేస్తూ ఉండటం, చీకటి పడేలోగా గమ్యం చేరడం ఎవరికైనా అవసరమే. అయితే భయం జాగ్రత్తకు దారితీయాలి గాని గడప దాటకుండా బంధించరాదు. 1918లో తకమురే ఇత్సుయే అనే 24 సంవత్సరాల జపాన్ యువతి ఒంటరిగా ఇల్లు విడిచి షికోకు యాత్రకు బయలుదేరింది. దారిలో పరిచయమైన ఒక వృద్ధుడు ఆమెకు తోడుగా నడిచాడు. ఆమె పంపిన యాత్రావ్యాసాలను ఒక దినపత్రిక ప్రచురించింది. తరువాతి కాలంలో ఆమె స్త్రీల చరిత్రను పరిశోధించిన ప్రముఖ చరిత్రకారిణిగా పేరు పొందింది. ఒంటరిగా బయలుదేరినవారికి తోడు దారిలోనే దొరుకుతుందనడానికి ఆమె జీవితం సాక్ష్యం.

చేతిలో ఫోన్ ఉండగా ఒకరిని అడగవలసిన పని ఏమిటని మరికొందరి వాదన. దారి చూపడంలో, మాటను అనువదించడంలో ఫోన్ చేసే సహాయం తక్కువది కాదు. ఆపదలో అది ప్రాణరక్షకం కూడా. కాని ప్రతి చిన్న సందేహానికీ దానినే ఆశ్రయించే బాటసారి ఎవరి ముఖమూ చూడకుండానే దేశం దాటిపోతాడు. సమాచారం యంత్రం నుండి లభిస్తుంది. మర్యాద మనిషి నుండి మాత్రమే లభిస్తుంది.

ఇక్కడ మరొక హెచ్చరిక కూడా అవసరం. పరదేశాన్ని స్వర్గంగా, స్వదేశాన్ని నరకంగా చిత్రించడం కొందరు యాత్రికులకు అలవాటు. ఇంత ఆదరణకు పేరుపొందిన షికోకు మార్గంలోనే 2014లో కొరియన్లను ద్వేషిస్తూ రాసిన కాగితాలు విశ్రాంతి గృహాల్లో అంటించి ఉండగా బయటపడ్డాయి. ఏ జాతీ సర్వగుణసంపన్నం కాదు. మంచిని నేర్చుకోవాలి, చెడును గుర్తించాలి. రెంటినీ చూడగలగడమే చూపు.

అన్నిటినీ మించి అతిథికి కూడా ధర్మం ఉన్నది. అతిథిని దేవునిగా చూడమని చెప్పిన సంప్రదాయం అతిథి బాధ్యతను విస్మరించమని చెప్పలేదు. 2024లో క్యోటో నగరంలోని గియోన్ ప్రాంతంలో, సందర్శకుల రద్దీని భరించలేక నివాసులు తమ సొంత సందుల్లోకి వారి ప్రవేశాన్ని నిషేధించారు. గేయిషాలను వెంటాడి ఫొటోలు తీయడం ఇందుకు ఒక కారణం. అదే సంవత్సరం మే నెలలో ఫూజీ పర్వతం చక్కగా కనిపించే ఒక పట్టణంలో, దుకాణం ఎదుట గుమికూడి రాకపోకలకు అడ్డుపడే జనాన్ని నివారించడానికి అధికారులు ఎత్తైన నల్లని తెరను కట్టించారు. కొన్ని నెలల తరువాత దానిని తొలగించినప్పటికీ, ఆతిథ్యానికి పేరుపొందిన ప్రజలు తమ కొండకే తెర కట్టవలసిన స్థితి కలగడం విచారకరం. చూడటానికి వచ్చినవారు ఎదుటివారి బ్రతుకును వినోదంగా భావించినప్పుడు తెరలే లేస్తాయి, తలుపులే మూసుకొంటాయి.

కాబట్టి దేశాటనానికి బయలుదేరే యువత సంచిలో బట్టలతోపాటు మూడు వస్తువులు పెట్టుకోవాలి: అడిగే వినయం, తప్పు చేసి దిద్దుకొనే ధైర్యం, ఇచ్చినదానిని తలవంచి పుచ్చుకొనే గుణం. వీటికి బరువు లేదు, సుంకం లేదు. ఇవి ఉన్నవారికి పొరుగు జిల్లా కూడా కొత్త దేశమే. ఇవి లేనివారు ప్రపంచమంతా చుట్టివచ్చినా తమ ఊరు దాటనివారే.

హుయాన్‌త్సాంగ్ పదహారు సంవత్సరాలకు పైగా ప్రయాణించి, ఎన్నో గ్రంథాలతో స్వదేశానికి చేరుకొన్నాడు. ఆ గ్రంథాలతోపాటు, భోజనానికి ముందు చేతులు కడుగుకొనే సామాన్య మానవుని జ్ఞాపకం కూడా ఆయన వెంట వెళ్ళింది.